నీలి హెల్మెట్ పెట్టుకున్న మన జవాను తుపాకీ ఎప్పుడు ఎత్తొచ్చు?

కొండపి అన్న

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. వాళ్ళ బెటాలియన్‌కి ఐక్యరాజ్యసమితి డ్యూటీ పడింది, దక్షిణ సూడాన్ పోవాల. కాశ్మీర్ అంటే ఇంట్లో అందరికీ ఒక అందాజు ఉండాది, వాడు అక్కడ చేసొచ్చాడు కాబట్టి. ఈ సూడాన్ ఏందో, అక్కడ ఎవరు ఎవరితో కొట్టుకుంటన్నారో, మధ్యలో మనోళ్ళెందుకో ఎవరికీ అర్థం కాలా. మా అమ్మ అడిగేది ఒకటే మాట: "చేతికి తుపాకీ ఇస్తారంట, కాల్చగూడదంట. మరి ఎవడన్నా మీదికొస్తే వాడేం చెయ్యాల?" వాణ్ణడిగితే "ట్రైనింగ్‌లో చెప్తార్లే" అని దాటేశాడు. పోయొచ్చినోళ్ళు ఎవరన్నా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

మోడరేటర్

మంచి ప్రశ్న అన్నా. అందరికీ ఒక మనవి. రెజిమెంటు పేరు, బయల్దేరే తేదీ, పోస్టు ఉండే చోటు ఇక్కడ ఎవరూ రాయొద్దు. కనిపిస్తే తీసేస్తాను. మిగతాది ఎంత కావాలంటే అంత మాట్లాడుకోండి.

గిద్దలూరు హవల్దార్ (రిటైర్డ్)

తమ్ముడూ, అమ్మకి ముందు ఈ మాట చెప్పు. కాల్చగూడదు అనేది నిజం కాదు. నేను కాంగోలో గోమా వైపు చేసొచ్చాను, నాకు తెలిసింది చెప్తా.

పోయిన ప్రతి జవానుకీ జేబులో పెట్టుకునే కార్డు ఒకటి ఇస్తారు. ఆయుధం ఎప్పుడు వాడొచ్చో దాన్లో ఉంటది. నీ ప్రాణానికి ముప్పొస్తే కాల్చొచ్చు. పక్కోడి ప్రాణానికి, సమితి ఉద్యోగుల ప్రాణానికి ముప్పొచ్చినా అంతే. కళ్ళెదుట ఊరి జనాన్ని చంపబోతా ఉంటే వాళ్ళని కాపాడటానికీ కాల్చొచ్చు. ఈ ఆఖరిది పాతకాలంలో లేదు, మధ్యలో వచ్చింది.

దానికో వరస ఉంది. ముందు కేకెయ్యాల, అక్కడోళ్ళ భాషలో. "సిమామా" అంటే స్వాహిలీలో ఆగమని, అది నోరు తిరిగేదాకా మాచేత అనిపించారు. ఆగకపోతే ఆయుధం ఎక్కుపెట్టి కనపడనియ్యాల. అప్పటికీ వినకపోతే ఎవరికీ తగలని దిక్కుకి హెచ్చరికగా ఒక రౌండు. ఆ తర్వాతే గురి. ఎదుటోడు అప్పటికే కాలుస్తా ఉంటే ఈ వరసంతా అక్కర్లేదు, నేరుగా కాల్చొచ్చు. కానీ ఎంత అవసరమో అంతే. వాడు ఆపితే మనమూ ఆపాల. పారిపోతన్నోణ్ణి వెంటాడి కొట్టేది లేదు. పేల్చిన ప్రతి రౌండుకీ కాగితం మీద లెక్క అప్పజెప్పాల.

ఒకరోజు జరిగింది చెప్తా, అర్థమవుతుంది. అక్కడ సంత రోజు ఆడవాళ్ళకి మేం తోడు పోయేవాళ్ళం. ఆ దారిలో తుపాకులోళ్ళు కాపేసి గింజలూ డబ్బులూ లాక్కోవడం, మనుషుల్ని పొదల్లోకి ఈడ్చుకుపోవడం ఉండేది. గోమా చుట్టూ నేలంతా అగ్నిపర్వతం కక్కిన నల్లరాయి, బూటు అడుగు అరిగిపోతుంది. ఆడవాళ్ళ వీపుల మీద బంగాళాదుంప మూటలు, మగపిల్లలు చుకుడు అని చెక్కతో చేసిన రెండు చక్రాల బండి తోసుకుంటా వస్తన్నారు, దాని మీద బొగ్గు బస్తాలు. మలుపు తిరిగేసరికి ఎనిమిది తొమ్మిది మంది ఏకే-47లు పట్టుకుని దారికడ్డంగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఇద్దరికి మీసాలు కూడా రాలా.

మా జేసీఓ (సుబేదార్ స్థాయి అధికారి) సాబ్ రైఫిల్ నేలకేసి పట్టుకుని, దుబాసీని వెంటబెట్టుకుని ముందుకి నడిచాడు. వెనకాల మా బీఎంపీ అనే యుద్ధ బండి టరెట్, అంటే పైన ఫిరంగి ఉండే భాగం, మెల్లగా వాళ్ళవైపు తిప్పి ఆపారు. ఎవరూ అరవలా. దుబాసీ మాట్లాడతానే ఉన్నాడు. ఆ నాయకుడు కాసేపు టరెట్‌నీ, కాసేపు సాబ్ మొహాన్నీ చూసి, తనవాళ్ళని పక్కకి జరగమన్నాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే దాటారు. ఒక్క రౌండు పేలలా. టరెట్ తిప్పకపోయినా ఆ రోజు పని జరిగేది కాదు, తొందరపడి పేల్చినా ఆ మూటలోళ్ళే ముందు పడిపొయ్యేవాళ్ళు.

కావలి కుర్రోడు

అన్నా, బాగా చెప్పావు. కానీ నాకొకటి మింగుడుపడదు. నేను అగ్నివీర్‌కి రెడీ అవుతున్నా, రోజూ పొద్దున గ్రౌండ్‌లో పరిగెత్తేటప్పుడు మా బ్యాచ్‌లో ఇదే చర్చ. ఇంత పెద్ద ఆర్మీ మనది. ఆ ఎనిమిది మందినీ పట్టి ఆయుధాలు గుంజేసుకుంటే మళ్ళీ వారం ఆ దారిలో ఎవడు నిలబడతాడు? 1961లో కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా ఇదే కాంగోలో పదహారు మందితో తొంభై మంది మీదికి ఖుక్రీలు దూసి పోయాడు. పరమవీర చక్ర వచ్చింది. సియెరా లియోన్‌లో ఆపరేషన్ ఖుక్రీ చేశాం. మనకి చేతకాక కాదు గదా ఆగేది?

నెల్లూరు లెక్చరర్

చేతకాక కాదు నాయనా. కానీ నువ్వు చెప్పిన రెండు ఉదాహరణలూ పూర్తిగా చూడాలి, అప్పుడు మన సైన్యం పద్ధతి ఏమిటో తెలుస్తుంది. నేను రాజనీతిశాస్త్రం చెప్పేవాణ్ణి, కాస్త పొడుగైతే ఓపిక పట్టండి.

కాంగోకి సమితి సేన వెళ్ళింది 1960 జులైలో. అప్పుడు వాళ్ళకున్న అనుమతి ఆత్మరక్షణకే. దేశం ముక్కలవుతుంటే, కటంగా ప్రాంతం విడిపోతుంటే చూస్తూ నిలబడాల్సి వచ్చింది. 1961 జనవరిలో ప్రధాని లుముంబాను చంపేశారు. ఫిబ్రవరిలో భద్రతా మండలి 161వ తీర్మానం చేసి, అంతర్యుద్ధాన్ని ఆపడానికి చివరి మార్గంగా బలం వాడొచ్చని చెప్పింది. మన 99వ బ్రిగేడ్ అక్కడికి చేరింది ఆ తీర్మానం వచ్చాకే. ముందు అనుమతి తేల్చమన్నారు, తరవాతే పోరాడే దళాన్ని పంపారు. నవంబరులో 169వ తీర్మానం కిరాయి సైనికుల్ని తరిమేందుకు కూడా బలం వాడొచ్చంది. సలారియా వీరమరణం డిసెంబరు 5న, కటంగా రాజధాని ఎలిజబెత్‌విల్‌లో. ఆయన వెనక తీర్మానం ఉంది, బ్రిగేడ్ ఉంది, మన వాయుసేన కాన్‌బెరా విమానాలున్నాయి. 1963 జనవరికల్లా కటంగా వేర్పాటు ముగిసింది. సమితి శాంతి దళంలో చేస్తూ పరమవీర చక్ర పొందింది ఆయనొక్కరే. ఆ మిషన్‌లో మనవాళ్ళు 39 మంది ప్రాణాలిచ్చారు.

సియెరా లియోన్ సంగతి. పౌరుల్ని కాపాడటానికి బలం వాడొచ్చని శాంతి దళానికి మొదటిసారి రాసిచ్చింది అక్కడే, 1999 అక్టోబరులో, 1270వ తీర్మానంతో. హవల్దార్ గారు చెప్పిన ఆ ఆఖరి అంశం అప్పుడొచ్చిందే. 2000 మే నెలలో తిరుగుబాటుదారులు వందలమంది శాంతి సైనికుల్ని బందీలుగా పట్టుకున్నారు. కైలాహున్‌లో మన గూర్ఖా కంపెనీలు రెండు చుట్టుముట్టబడ్డాయి. అయినా వెంటనే దాడి చెయ్యలేదు. రెండు నెలలకు పైగా మాటలు నడిపారు, మధ్యవర్తుల్ని పెట్టారు. ఇక లాభం లేదని తేలాక జులై 15న మేజర్ జనరల్ విజయ్ జేట్లీ నాయకత్వంలో దెబ్బ కొట్టి బయటికి తెచ్చారు. మన ఎంఐ-35, బ్రిటిష్ చినూక్ హెలికాప్టర్లు, ఘానా, నైజీరియా దళాలు అన్నీ కలిస్తేనే అది జరిగింది. ఆ తర్వాత దళాధిపతి జేట్లీకీ నైజీరియా అధికారులకీ పొసగక, భారత్ తన సేనను మొత్తం వెనక్కి తెచ్చుకుంది. ఈ భాగం ఎవరూ చెప్పరు.

మన పద్ధతి ఇదీ. ఆ దేశం సమ్మతి ఉండాలి. ఏ పక్షం వైపూ మొగ్గకూడదు. ఆత్మరక్షణకీ, అప్పగించిన పనిని కాపాడుకోవడానికీ తప్ప బలం వాడకూడదు. పైన నీలి జెండా ఉండాలి. 2003 జులైలో ఇరాక్‌కి ఒక డివిజన్ సైన్యం పంపమని అమెరికా అడిగితే, సమితి స్పష్టమైన తీర్మానం లేకుండా పంపమని వాజ్‌పేయి ప్రభుత్వం తేల్చి చెప్పింది. 2013లో కాంగోలో ఎం23 అనే సాయుధ ముఠాని వేటాడటానికి 2098వ తీర్మానంతో ప్రత్యేక బ్రిగేడ్ పెట్టారు. దక్షిణాఫ్రికా, టాంజానియా, మలావీ సైనికులు దాన్లో చేరారు. అదే మిషన్‌లో వేలమంది మనవాళ్ళున్నా భారత్ ఆ బ్రిగేడ్‌లో చేరలేదు. ఒకే రంగు హెల్మెట్ పెట్టుకుని కొందరు యుద్ధం చేస్తే, ఎదుటివాడు మిగతావాళ్ళని కూడా శత్రువులుగానే చూస్తాడని మన అభ్యంతరం.

వింజమూరు సుబేదార్ (రిటైర్డ్)

లెక్చరర్ గారు చెప్పిందంతా సబబే. ఒక్కటి వదిలేశారు, మన సైన్యానికి ఆ జాగ్రత్త ఎక్కడ అలవాటైందో. నీలి జెండా లేకుండా పోయినచోట అలవాటైంది. శ్రీలంకలో. నేను పోయాను.

1987 జులై 29న ఇండియాకీ శ్రీలంకకీ ఒప్పందం. మమ్మల్ని పంపింది శాంతి కాపాడను. పేరే శాంతి సేన. జాఫ్నాలో దిగినప్పుడు తమిళ ఆడవాళ్ళు పూలదండలు వేశారు, కొబ్బరినీళ్ళిచ్చారు. తమిళ పులులు, అంటే ఎల్టీటీఈ వాళ్ళు, ఆయుధాలు అప్పజెప్తారు, మనం నిలబడి తీసుకోవాల, అంతే పని. అక్టోబరు 10 వచ్చేసరికి అదే జాఫ్నా మీద మేం దాడికి పోతా ఉన్నాం. దండలేసిన వీధుల్లో ఇంటింటి నుంచీ మామీద కాల్పులు. మ్యాపులు పాతవి. రెండో పూట యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దించిన మావాళ్ళలో ఒక ప్లాటూన్ దాదాపు పూర్తిగా పోయింది. భాష రాదు. ఎవడు పౌరుడో, ఎవడు పులో తెలీదు. సైకిల్ మీద పోయే పిల్లోణ్ణి ఆపాలన్నా భయం, వదలాలన్నా భయం.

1990 మార్చిలో ఆఖరు దళం తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మందిని పోగొట్టుకున్నాం. సమితి కింద ఇన్ని దశాబ్దాల్లో అన్ని దేశాల్లో కలిపి మనం పోగొట్టుకున్నది సుమారు 180 మందిని. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మద్రాసు రేవులో దిగితే స్వాగతానికి ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి రాలేదు. కొలంబో దగ్గర శ్రీలంక వాళ్ళే మావాళ్ళకి స్మారకం కట్టారు.

ఎందుకు చెప్తన్నానంటే, కావలి అబ్బాయ్, ఆయుధాలు గుంజేసుకుంటే సరిపోద్ది అన్నావే, మాకిచ్చిన పని సరిగ్గా అదే. ఇయ్యనోడి దగ్గర్నించి గుంజుకోవాలంటే యుద్ధమే చెయ్యాల. శాంతి దళమని పోయి యుద్ధం చేస్తే ఆ యుద్ధానికి కావాల్సిన ఫిరంగీ ఉండదు, వేగూ ఉండదు, ఇక్కడ జనంలో ఒప్పుకోలూ ఉండదు.

ఒంగోలు డాక్టరమ్మ

సుబేదార్ బాబాయ్ గారికి ముందుగా నమస్కారం. మీరు పడ్డదానికి మా తరం తలవంచాలి. అయినా ఇవతల పక్క కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి, ఎందుకంటే ఇంతవరకు అందరూ మన జవాను వైపు నుంచే చూశారు. కంచె లోపల శరణు జొచ్చిన మనిషి వైపు నుంచి చూడండి.

1994 ఏప్రిల్‌లో రువాండాలో పది మంది బెల్జియం సైనికుల్ని చంపారు. దాంతో భద్రతా మండలి అక్కడి సమితి దళాన్ని 270 మందికి తగ్గించేసింది. చంపేవాళ్ళు కత్తులు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నప్పుడు జరిగిందది. 1995 జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో సమితి తరఫున ఉన్న డచ్ దళం కళ్ళెదుటే మగవాళ్ళని, మగపిల్లల్ని వేరుచేసి తీసుకుపోయారు. ఎనిమిది వేలమంది దాకా చంపారు. నిష్పక్షపాతం, సమ్మతి అన్న మాటలు పట్టుకుని నిలబడితే ఏమవుతుందో ఆ రెండు చోట్లా చూశాం. అందుకే 1999లో ఆ వాక్యం రాశారు.

రాశారు సరే. పాటించారా? సమితి సొంత తనిఖీ విభాగమే 2014లో లెక్క తీసింది. 2010 నుంచి 2013 వరకు పౌరుల మీద జరిగిన 507 ఘటనలు చూస్తే, శాంతి దళం వెంటనే స్పందించింది 101 ఘటనల్లో మాత్రమే. అయిదింట ఒకటి. ప్రాణాలు తీసేవాళ్ళ మీద బలం వాడింది దాదాపు లేనే లేదని కూడా ఆ నివేదికలో ఉంది.

కొండపి అన్న తమ్ముడు వెళ్ళేది దక్షిణ సూడాన్ కాబట్టి అక్కడిదే చెబుతాను. 2016 ఫిబ్రవరి 17, 18 తేదీల్లో మలకాల్‌లో సమితి శిబిరంలోకే సాయుధులు చొరబడ్డారు. లోపల వేలమంది శరణార్థులు. 30 మంది దాకా చనిపోయారు, గుడారాలు తగలబెట్టారు. ఆ శిబిరం దగ్గర రువాండా, ఇథియోపియా దళాలతో పాటు మన బెటాలియన్ కూడా ఉంది. తర్వాత సమితి వేసిన విచారణలో, ఎవరి ఆజ్ఞ ఎవరు వినాలో గందరగోళం ఉందని, కాల్చే నియమాల మీద కూడా స్పష్టత లేదని, చోటు వదిలేసిన వాళ్ళు, తలపడటానికి ఒప్పుకోని వాళ్ళు ఉన్నారని తేలింది. ఏ దేశం ఎంత అనేది నేను తేల్చను. కానీ కాల్చొచ్చని కార్డు మీద రాసి ఉన్నా కాల్చలేదు. హవల్దార్ గారూ, ఎందుకలా జరుగుతుందో మీరే చెప్పాలి. నేను నిందించడానికి అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

గిద్దలూరు హవల్దార్ (రిటైర్డ్)

అమ్మా, అడగాల్సిన మాటే అడిగారు.

కార్డులో ఒకటుంటది, కంపెనీ కమాండర్ బుర్రలో పది తిరుగుతుంటాయి. ఒక కంపెనీ పోస్టు అంటే వంద మంది చిల్లర. అందులో కాపలాకి, వంటకి, రేడియోకి, రోగం రొష్టుకి పోను బయటికి పంపగలిగేది ఎంతమందిని? పక్క పోస్టు మ్యాపులో దగ్గరే ఉంటది, వానల్లో ఆ బురదలో బండి కదలదు. దక్షిణ సూడాన్‌లో నల్లరేగడి. మన అద్దంకి వైపు రేగడి వానకి ఎట్టా అంటుకుంటదో చూశారు గదా, అదే, కాకపోతే కంటి చూపు మేరా రోడ్డు ఉండదు. జవానుకి గుండు తగిలితే హెలికాప్టర్ రావాల. అది సమితి కాంట్రాక్టు హెలికాప్టర్ అయితే కాల్పులు జరిగేచోట దిగమంటే పైలట్ దిగకపోవచ్చు, రాత్రయితే లేవకపోవచ్చు. కమాండర్ ఇదంతా లెక్కేసుకునే ఆజ్ఞ ఇస్తాడు.

ఇంకోటుంది, మీరు చెప్పిన నివేదికలో కూడా ఉండి ఉంటది. అక్కడి సేనాధిపతి ఒక దేశం జనరల్. బెటాలియన్ ఇంకో దేశానిది. ఆయన "పో, కొట్టు" అంటాడు. బెటాలియన్ అధికారి తన రాజధానికి ఫోన్ చేస్తాడు. మనవాళ్ళనే అనడం లేదు, అన్ని దేశాలోళ్ళూ చేస్తారు. అక్కడ పోయిన ప్రాణానికి రేపు పార్లమెంటులో జవాబు చెప్పాల్సింది ఈ రాజధానే. ఈ రెండు ఫోన్ల మధ్యలో ఊరు తగలబడిపోద్ది. నేను ఆ ఆలస్యం చూశా. ఇంతకంటే రాయను.

కానీ నిలబడ్డ సంగతులు కూడా రాయాల, లేకపోతే అన్యాయం. 2013 డిసెంబరు 19న దక్షిణ సూడాన్‌లో అకోబో పోస్టుని దాదాపు రెండు వేలమంది చుట్టుముట్టారు. లోపల శరణు వచ్చిన డింకా జాతోళ్ళున్నారు. వాళ్ళని అప్పజెప్తే మనోళ్ళ జోలికి వచ్చేవాళ్ళు కాదు. అప్పజెప్పలా. మన జవాన్లు ఇద్దరు చనిపోయారు, శరణు వచ్చినోళ్ళలో కూడా చాలామందిని చంపేశారు. గుప్పెడు మందికి రెండు వేలమంది ఎదురు. అదే సంవత్సరం ఏప్రిల్ 9న గుమురుక్ దగ్గర కాన్వాయ్ మీద మాటు వేసి లెఫ్టినెంట్ కర్నల్ మహీపాల్ సింగ్ గారితో సహా మనోళ్ళు ఐదుగుర్ని చంపారు.

కొండపి అన్న

ఇయన్నీ అమ్మకి చదివి వినిపించలా, గుమురుక్ సంగతి అసలు చెప్పలా. కార్డు సంగతి, సంత సంగతి చెప్పా. కాసేపు ఊరుకుని, "ఆ ఆడోళ్ళు ఇంటికి పొయ్యారు గదా, అది చాల్లే" అంది.

ఇంకో అనుమానం. మా ఊళ్ళో ఒకాయన అన్నాడు, ఇదంతా గవర్నమెంటు డాలర్ల కోసం చేసే బేరమని. నిజమేనా?

సూళ్లూరుపేట పెద్దాయన

దీనికి నేను చెప్తాను. ఒక్కో సైనికుడికి నెలకి ఇంతని సమితి ఆ దేశ ప్రభుత్వానికి కడుతుంది. ఇప్పుడది 1,400 డాలర్లకు పైనే. బండ్లకి, ఆయుధాలకి వేరే అద్దె. పేద దేశాలకి ఇది నిజంగా పెద్ద ఆదాయం. మనకి కాదు. మన రక్షణ బడ్జెట్ ముందు అదెంత? పైగా ఆ సొమ్ము వేళకి రాదు. పెద్ద దేశాలు సమితికి చందా బాకీ పెడతాయి, సమితి సైన్యం పంపిన దేశాలకి బాకీ పెడుతుంది. జవానుకి మామూలు జీతం కాక విదేశీ భత్యం వస్తుంది, ఇల్లు కట్టుకోవడానికో ఆడపిల్ల పెళ్ళికో అక్కరకొస్తుంది, అది దాచాల్సింది కాదు.

డబ్బు కాకపోతే మరెందుకంటారా? భద్రతా మండలిలో శాశ్వత స్థానం అడగడానికి మన దగ్గరున్న గట్టి వాదన ఇదే. ఇప్పటిదాకా 50కి పైగా మిషన్లలో 2 లక్షల 90 వేలమందికి పైగా పంపాం. ఎక్కువ ప్రాణాలిచ్చిందీ మనమే. తీర్మానం రాసే అయిదు పెద్ద దేశాల్లో అమెరికా, రష్యా పంపేది పదుల లెక్కలో. ఈ రాసేవాళ్ళు వేరు, చచ్చేవాళ్ళు వేరు అన్నదే నాకు కడుపు మండే విషయం.

నెల్లూరు లెక్చరర్

పెద్దాయన గారు మూలం పట్టుకున్నారు. సమితి చార్టర్ 44వ అధికరణం ఏమంటుందంటే, మండలిలో లేని దేశాన్ని సైన్యం అడిగేటప్పుడు, ఆ సైన్యాన్ని వాడే నిర్ణయాల్లో ఆ దేశాన్ని కూడా కూర్చోబెట్టాలి. భారత్ ఏళ్ళ తరబడి ఆ అధికరణాన్ని గుర్తుచేస్తూనే ఉంది. కూర్చోబెట్టకుండా "ఇంకా గట్టిగా కొట్టండి" అని రాసి పంపితే, బెటాలియన్ అధికారి ఢిల్లీకి ఫోన్ చెయ్యక ఏం చేస్తాడు? డాక్టరమ్మగారు ఆ ఫోన్‌ని లోపంగా చూస్తున్నారు. ఆ నిర్ణయంలో మనకి చోటివ్వకపోవడం వల్ల వచ్చిన ఫలితంగా నేను చూస్తున్నాను.

ఇంకొకటి. ఆ 2013 బ్రిగేడ్ ఆ నవంబరుకల్లా ఎం23ని ఓడించింది. భేష్ అన్నారు. 2025 జనవరిలో అదే ఎం23 మళ్ళీ గోమానే తీసుకుంది. కొట్టడం వల్ల కాలం కలిసొచ్చింది, రాజకీయ పరిష్కారం రాలేదు. మధ్యలో 2022 జులైలో కాంగోలోని బుటెంబోలో జనమే సమితి స్థావరం మీదికి తిరగబడితే మన బీఎస్ఎఫ్ వాళ్ళు ఇద్దరు చనిపోయారు. అక్కడ ఎవర్ని కాల్చాలి? కోపంతో వచ్చిన ఊరి జనాన్నా?

ఒంగోలు డాక్టరమ్మ

లెక్చరర్ గారూ, 44వ అధికరణం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ రాత్రి పది గంటలకి కంచె తెంచుకుని మనుషులు లోపలికి వస్తుంటే ఆ అధికరణం ఎవర్ని కాపాడుతుంది? "మావాళ్ళు ఈ పని చేస్తారు, ఈ పని చెయ్యరు" అని ప్రతి ప్రభుత్వం పంపేముందే బయటికి చెప్పాలి. మన పార్లమెంటులో కూడా చెప్పాలి. శరణార్థి ఆ నీలి జెండా చూసి లోపలికి వచ్చాడంటే, కాపాడతారన్న నమ్మకంతో వచ్చాడు. కాపాడే ఉద్దేశం లేనప్పుడు ఆ జెండా కింద చేర్చుకోవడం మోసం. అడవిలో దాక్కున్నా వాడు బతికేవాడేమో.

బలం అంటే రైఫిల్ ఒక్కటే అని కూడా నేననను. 2007లో మన సీఆర్‌పీఎఫ్ ఆడపిల్లల దళం లైబీరియా వెళ్ళింది, సమితి చరిత్రలో అచ్చంగా మహిళలతో వెళ్ళిన మొదటి పోలీసు దళం అది. మేజర్ రాధికా సేన్‌కి 2023 సంవత్సరానికి సమితి పురస్కారం వచ్చింది కాంగోలో గ్రామాల ఆడవాళ్ళతో కలిసి పనిచేసినందుకే. ఆడవాళ్ళు నోరు విప్పి చెబితేనే రేపు ఏ దారిలో కాపు వేస్తారో మీ పెట్రోలింగ్‌కి తెలిసేది. ఆ వేగు ముందే అందితే తుపాకీ ఎత్తే అవసరం సగం తగ్గుతుంది.

నెల్లూరు లెక్చరర్

పార్లమెంటులో చెప్పాలన్నది ఒప్పుకుంటాను. షరతులు దాచిపెట్టి పంపడం మన జవానుకీ మంచిది కాదు, అక్కడి మనిషికీ మంచిది కాదు. కానీ "కాపాడతాం" అని తీర్మానంలో అంత పెద్ద మాట రాసి, దానికి తగ్గ మనుషుల్నీ, హెలికాప్టర్లనీ ఇవ్వని మండలిని వదిలేసి, ఉన్నంతలో నిలబడ్డ బెటాలియన్‌ని మోసం అనడం నాకు నచ్చలేదు.

గిద్దలూరు హవల్దార్ (రిటైర్డ్)

పెద్దలు మాట్లాడుకుంటన్నారు, మధ్యలో కొండపి తమ్ముడికి నాలుగు పనికొచ్చే మాటలు చెప్తా. ఢిల్లీలో శాంతి పరిరక్షక శిక్షణ కేంద్రం ఉంది, 2000 నుంచి నడుస్తా ఉంది. యూనిట్‌కి పోయేముందు శిక్షణ ఉంటది. కార్డులో ఉన్నది నిద్రలో లేపి అడిగినా చెప్పేటట్టు నేర్చుకోమను. అర్థంకాని చోట సిగ్గుపడకుండా అక్కడే అడగమను, పోస్టులో రాత్రిపూట అడిగే తీరిక ఉండదు. అక్కడి భాషలో పాతిక మాటలన్నా పట్టుకోమను. దుబాసీతో స్నేహంగా ఉండమను, ఊళ్ళో ఏం జరగబోతుందో ముందు తెలిసేది ఆయనకే. మలేరియా మాత్ర మానొద్దని చెప్పు. తుపాకీ గుండు సంగతేమో గానీ, అక్కడ చానామందిని పడుకోబెట్టేది దోమే.

కావలి కుర్రోడు

నేను మొదట రాసింది మళ్ళీ చదువుకున్నా. ఆయుధాలు గుంజుకునే సంగతిలో సుబేదార్ సార్ చెప్పింది ఆలోచిస్తా. కానీ డాక్టర్ మేడం చెప్పిన మలకాల్ నన్ను వదలటం లేదు. లెబనాన్‌లో కూడా 2024 అక్టోబరులో ఇజ్రాయెల్ వాళ్ళు శాంతి దళం స్థావరాల మీదే కాల్చారని వార్తల్లో చూశాం, అక్కడ మనోళ్ళు ఉన్నారు. ఆ మిషన్నే 2026 ఆఖరుకి మూసేయాలని మండలి తీర్మానించింది. ఇట్టాంటివి చూస్తే ఒక ప్రశ్న వస్తుంది. సుబేదార్ సార్, రేపు 1961 లాంటిది మళ్ళీ వస్తే, పోరాడే అనుమతితో పంపుతామంటే, మీరు పంపమంటారా వద్దంటారా?

వింజమూరు సుబేదార్ (రిటైర్డ్)

పంపమంటా. శ్రీలంక చూసినోణ్ణి, అయినా పంపమంటా.

కానీ ఎదురు ఎవరో తేల్చి చెప్పి పంపాల. ఒక్క కమాండర్ కింద పంపాల, ఆయన ఆజ్ఞే ఆఖరు. రాత్రిళ్ళు ఎగిరే హెలికాప్టర్ మనదే ఉండాల. భాష తెలిసినోళ్ళు ముందే పోయి ఉండాల. పని అయిందనేది దేన్ని చూసి తేల్చాలో ముందే రాసుకోవాల, లేకపోతే మాకులాగే ఏళ్ళకేళ్ళు ఇరుక్కుపోతారు. ఇవి లేకుండా "మీరు ధైర్యవంతులు గదా" అని పంపితే మాత్రం నా ఇంటి పిల్లోణ్ణి పంపను, ఇంకొకరి పిల్లోణ్ణి పంపమని కూడా చెప్పను.

ఒంగోలు డాక్టరమ్మ

బాబాయ్ గారూ, అవన్నీ సమకూరేసరికి నెలలు పడుతుంది. రువాండాలో మొత్తం వంద రోజుల్లోనే అయిపోయింది. ఆ నెలల్లో చచ్చేవాళ్ళ సంగతి?

వింజమూరు సుబేదార్ (రిటైర్డ్)

సరిగ్గా అందుకే అమ్మా, అవన్నీ మంట లేచాక వెతుక్కునేవి కాకుండా ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకోవాల్సినవి. ఒక బ్రిగేడ్‌ని, దాని హెలికాప్టర్లనీ, దుబాసీలనీ ఎప్పుడూ పక్కన ఉంచాల. దానికి మనం ఒప్పుకోవాలంటాన్నేను. మాటొస్తే పదిహేను రోజుల్లో బయల్దేరేటట్టు. ఖర్చవుద్ది. కానీ మండలిలో కుర్చీ అడిగేటప్పుడు చూపించను అంతకంటే గట్టిది మన దగ్గర ఏముంది? ఆ మాట ఢిల్లీలో ఎవరన్నా ఎత్తితే నేను ఆయన వైపు. లెక్చరర్ గారు ఒప్పుకోరేమో, చెప్పమనండి.